685 ఐఆర్ ఫిల్టర్ పెడితే గురుడు ఇంకా మసకగా వస్తున్నాడు, కారణం ఏమై ఉంటుంది?

గుంటూరు_గగనం
8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు (ఎస్‌సీటీ), బొమ్మని రెండింతలు చేసే 2ఎక్స్ బార్లో కటకం, ఐఎమ్ఎక్స్462 సెన్సర్ ఉన్న కలర్ కెమెరా. ఇదీ నా సరంజామా. ఇప్పటిదాకా యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్‌తోనే (కంటికి కనిపించే వెలుగుని మాత్రమే పంపేది) గురుడిని తీస్తూ వచ్చాను. గాలి కుదురుగా లేని రాత్రుల్లో ఐఆర్ పాస్ ఫిల్టర్ (పరారుణ కాంతిని పంపి మిగతాది ఆపేది) పెడితే బొమ్మ నిలబడుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. అందుకని 685 నానోమీటర్ల నుంచి పైకి పంపే ఫిల్టర్ తెప్పించాను.

జనవరి 10న అపోజిషన్ అయింది, అంటే గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. గురుడు మాకు నడినెత్తికి ఆరేడు డిగ్రీల దూరంలోనే ఉంటున్నాడు, బింబం 46 ఆర్క్‌సెకన్లు. ఇంతకన్నా మంచి అవకాశం రాదు. తీరా తీసి చూస్తే లైవ్‌లో బొమ్మ వణకడం తగ్గింది, ఆ మాట నిజమే. కానీ స్టాక్ చేసి (మంచి ఫ్రేములన్నీ కలిపి) వేవ్‌లెట్స్ లాగితే (వివరాలు పదును చేస్తే) రెండు పట్టీలు, నున్నటి బంతి, అంతే. అదే రాత్రి కట్ ఫిల్టర్‌తో తీసిన దాంట్లో పట్టీల అంచు నుంచి దిగే నీలి తోకలు కూడా కనిపించాయి. ఐఆర్‌లో ఎక్స్‌పోజర్ 30 మిల్లీసెకన్లు పెడితే గానీ హిస్టోగ్రామ్ (వెలుగుని చూపే గ్రాఫు) సగానికి రాలేదు, గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ని పెంచే అమరిక) 400 దాటించాను. స్క్రీన్ అంతా ఎర్రగా ఉంది.

ఫిల్టర్‌లో లోపమా, నేను వాడే పద్ధతిలోనా? డబ్బు దండగ అయిందని బెంగగా ఉంది.

రాత్రిబస్సు
ఫోకస్ మార్చారా? కట్ ఫిల్టర్‌తో కుదిరిన ఫోకస్‌లోనే ఐఆర్ వీడియో తీస్తే ఎవరికైనా నున్నటి బంతే వస్తుంది.

గుంటూరు_గగనం
మార్చానండీ. గురుడి అంచు చూసుకుంటూ సరిచేశాను.

పాతడాబా
అంచు చూసి చెయ్యకు బాబూ. గురుడి అంచు దగ్గర వెలుతురు దానంతట అదే తగ్గుతూ పోతుంది, చందమామ అంచులా గీత గీసినట్టు ఉండదు. గురుడి చందమామలు గానిమీడ్‌నో అయోనో ఫ్రేములోకి తెచ్చుకుని గెయిన్ పెంచి, ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యే దాకా నాబ్ తిప్పు. ఆఖరి తిప్పుడు ఎప్పుడూ అద్దాన్ని దాని బరువుకి ఎదురుగా నెట్టే దిశలోనే ఆగాలి. లేకపోతే వీడియో నడుస్తుండగానే అద్దం అర వెంట్రుక జారుతుంది, ఫోకస్ పోతుంది. ఎస్‌సీటీల్లో ఇది మామూలే.

ఫిల్టర్ మారిన ప్రతిసారీ ఈ పని మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. బద్ధకించడానికి వీల్లేదు.

మూడోకన్ను
ఫోకస్ ఒక్కటే కాదు. మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. మీ స్కోపు ఎఫ్/10 (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకి పదింతలు), 2ఎక్స్ బార్లోతో ఎఫ్/20. పిక్సెల్ 2.9 మైక్రాన్లు. గ్రహాలు తీసేవాళ్ళు చెప్పుకునే లెక్క ఏమిటంటే పిక్సెల్ సైజుని ఐదుతో గుణించగా వచ్చిందే సరైన ఎఫ్ నిష్పత్తి, అంటే మీకు ఎఫ్/14.5. అది కూడా కంటికి కనిపించే వెలుగుకి. తరంగదైర్ఘ్యం పెరిగిన కొద్దీ స్కోపు చూపించగల సన్నటి వివరమే లావవుతుంది కాబట్టి ఐఆర్‌కి అంతకన్నా తక్కువ చాలు.

మీ 8 అంగుళాలకి రేలీ హద్దు, అంటే విడదీసి చూపగల అతి సన్నటి వివరం, ఆకుపచ్చలో, 550 దగ్గర, 0.68 ఆర్క్‌సెకను. 750 దగ్గర 0.93. మీరు ఎఫ్/20లో ఉంచడం వల్ల లేని వివరాన్ని ఎక్కువ పిక్సెళ్ళ మీద పరుస్తున్నారు. ఉన్న కాస్త వెలుగూ పలచబడిపోతోంది. దాంతో 30 మిల్లీసెకన్లు. గాలి కుదుపుని పట్టుకోవాలంటే ఎక్స్‌పోజర్ పొట్టిగా ఉండాలి, 30 దగ్గర ప్రతి ఫ్రేములోనూ కుదుపు కలిసిపోతుంది. ఐఆర్ వల్ల వచ్చిన లాభాన్ని ఎక్స్‌పోజర్ తినేసిందన్నమాట.

బార్లో తీసేసి ఎఫ్/10లో తీసి చూడండి. వెలుగు నాలుగింతలవుతుంది, 7-8 మిల్లీసెకన్లకి దిగుతారు. గెయిన్ కూడా దించొచ్చు.

ఓరుగల్లు_ఆకాశం
మూడోకన్ను గారూ, అది మోనో (నలుపు తెలుపు) కెమెరా లెక్క కదా. ఈయనది కలర్. 685 దగ్గర ఎర్ర పిక్సెళ్ళే బాగా పనిచేస్తాయి, అవి నాలుగింట ఒకటి. ఎఫ్/10లో తీస్తే ఎర్ర పిక్సెల్‌కీ ఎర్ర పిక్సెల్‌కీ మధ్య 5.8 మైక్రాన్ల దూరం. అప్పుడు వివరం పోతుంది. నేనైతే పూర్తిగా తీసెయ్యమని చెప్పను.

మూడోకన్ను
ఒప్పుకుంటాను. 685కి మధ్యేమార్గం మంచిది. చాలా 2ఎక్స్ బార్లోల్లో కింద కటకం ఉన్న భాగం మర తిప్పితే విడిగా వస్తుంది. దాన్ని నేరుగా కెమెరా ముక్కుకి బిగిస్తే దగ్గర దగ్గర 1.5ఎక్స్ అవుతుంది. అప్పుడు ఎఫ్/15. కలర్ కెమెరా, 685 జంటకి అది సరిపోతుంది. స్టాక్ చేసేటప్పుడు 1.5 డ్రిజిల్ (ఫ్రేములు కలిపేటప్పుడే బొమ్మని పెద్దది చేసే పద్ధతి) కూడా పెట్టండి.

గుంటూరు_గగనం
అయితే ఎర్రగా రావడం ఫిల్టర్ లోపం కాదన్నమాట. నేను మూడు ఛానెళ్ళూ కలిపే స్టాక్ చేశాను.

వేగుచుక్క_వైజాగ్
లోపం కాదు. కలర్ సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు పొరలు ఉంటాయి కదా. ఆ రంగులు దాదాపు 800 దాటాక తేలిపోతాయి. 850 దగ్గరికొచ్చేసరికి మూడు రకాల పిక్సెళ్ళూ ఒకేలా వెలుగుని లోపలికి రానిస్తాయి, కలర్ కెమెరా మోనోలా పనిచేస్తుంది. 685 నుంచి 800 మధ్యలో మాత్రం ఎర్ర పిక్సెలే రాజు.

అందుకని 685తో తీస్తే డీబేయర్ చేసి (రంగు పిక్సెళ్ళని మూడు ఛానెళ్ళుగా మార్చి), స్టాక్ అయ్యాక ఎర్ర ఛానెల్ ఒక్కటే బయటికి తీసుకోండి. ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళు పారేయండి. వాటిలో ఉండేది ఎక్కువ గ్రెయినే. మీరు మూడూ కలిపి వేవ్‌లెట్స్ లాగారు కాబట్టి ఆ గ్రెయిన్ కూడా పైకొచ్చి ఉంటుంది, దాన్ని అణచడానికి డీనాయిజ్ పెంచి ఉంటారు, దాంతో నునుపు. అవునా?

గుంటూరు_గగనం
అక్షరాలా అదే చేశాను మేడమ్. పాత ఫైల్లో ఎర్ర ఛానెల్ విడదీసి మళ్ళీ చూస్తాను.

నెలవంక
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర 5 అంగుళాల మాక్ (మక్సుటోవ్ టెలిస్కోపు) ఉంది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, పాకెట్ మనీతో కొనాలి. ఐఆర్ ఫిల్టర్ నాకూ పనికొస్తుందా?

రాత్రిబస్సు
వద్దు తమ్ముడూ.

డాలస్_డాబ్
ఎందుకు వద్దు? చందమామకి వాడుకోవచ్చు.

మూడోకన్ను
గ్రహాలకి ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్తాను, గుంటూరు గారికి కూడా పనికొస్తుంది.

గాలిలో వేడి చల్లని ముక్కలు కదులుతుంటాయి. పారే నీటి అడుగున పడి ఉన్న నాణెం చూసినట్టు ఉంటుంది మన చూపు. అద్దం మీద ఎంత వెడల్పు మేర తరంగం వంకర పోకుండా వస్తుందో ఆ వెడల్పుని ఫ్రైడ్ పరామితి అంటారు, 1966లో డేవిడ్ ఫ్రైడ్ ఇచ్చిన కొలత. అది తరంగదైర్ఘ్యానికి 6/5 ఘాతంలో పెరుగుతుంది. ఆకుపచ్చలో 4 సెంటీమీటర్లు ఉన్న రాత్రి 750 దగ్గర 5.8 అవుతుంది. చూడటానికి చిన్న తేడాలాగే ఉంటుంది.

కానీ అదృష్టవశాత్తూ నిలకడగా దొరికే ఫ్రేములు ఎన్ని అన్నది, అద్దం వెడల్పుని ఈ కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడుతుంది, అదీ వర్గంలో. ఫ్రైడ్‌దే 1978 నాటి సూత్రం ప్రకారం 8 అంగుళాల అద్దానికి పైన చెప్పిన రాత్రి ఆకుపచ్చలో పది ఫ్రేముల్లో ఒకటి మంచిది దొరుకుతుంది. 750లో పదికి ఎనిమిది, తొమ్మిది. గుంటూరు గారు లైవ్‌లో చూసిన నిలకడ ఇదే.

ఇప్పుడు 5 అంగుళాల స్కోపు సంగతి. అదే రాత్రి, అదే ఆకుపచ్చలో, ఫిల్టర్ ఏమీ లేకుండానే దానికి ఆ నిలకడ ముందే ఉంది. అద్దం చిన్నది కాబట్టి. దానికి ఐఆర్ పెడితే నిలకడలో పెద్దగా కలిసొచ్చేది ఉండదు, హద్దు మాత్రం 1.09 నుంచి 1.49 ఆర్క్‌సెకన్లకి పడిపోతుంది. నష్టమే.

అంటే 8 అంగుళాలకి ఐఆర్ పెట్టడం అంటే చెడ్డ రాత్రి దాన్ని 5 అంగుళాల స్కోపు అంత స్థిరంగా మార్చుకోవడం. వివరం కూడా ఆ దరిదాపులకే వస్తుంది, 0.93కీ 1.09కీ పెద్ద దూరం లేదు. గాలి బాగున్న రాత్రి ఎవరూ ఆ బేరానికి ఒప్పుకోరు. బాగాలేని రాత్రి అది మంచి బేరం.

నెలవంక
ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. థాంక్యూ అన్నా. మరి నాకు ఏ ఫిల్టరూ వద్దా?

పాతడాబా
మామూలు ఎర్ర ఫిల్టర్, 25 నంబరుది, కొనుక్కో. 600 దగ్గర మొదలై ఐఆర్ దాకా వెళ్తుంది. ధర తక్కువ. వెలుగు బాగా వస్తుంది. 5, 6 అంగుళాల వాళ్ళకి గ్రహాల మీద ఐఆర్ కన్నా అదే నయం. ఆ పైన డబ్బు మిగిలితే మంచి యూవీ/ఐఆర్ కట్. నీ కలర్ కెమెరా ముందు ఉన్నది ఉత్త గాజే అయితే కట్ లేకుండా రంగులు ఎన్నటికీ కుదరవు.

రాత్రిబస్సు
ఫ్రెండ్ ఒకడు డీఎస్ఎల్ఆర్‌కి 720 ఫిల్టర్ పెట్టి చందమామ తీశాడు, నల్లటి ఫ్రేము వచ్చింది. అమావాస్య అనుకున్నాడు.

వేగుచుక్క_వైజాగ్
డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ముందు కంపెనీవాళ్ళే ఐఆర్‌ని ఆపే గాజు పెడతారు. దాన్ని తీయించని కెమెరాకి ఐఆర్ పాస్ ఫిల్టర్ పెడితే ఒకటి ఆపేస్తుంది, రెండోది మిగిలినది ఆపేస్తుంది. ఫోన్లలోనూ ముఖ్యమైన కెమెరాకి అంతే. మన గ్రహాల కెమెరాల్లో చాలావాటికి ఆ గాజు ఉండదు, కాబట్టే ఈ ఆట సాధ్యం.

ఫిల్టర్ నిజంగా ఐఆర్‌ని పంపుతోందా అని అనుమానం ఉంటే టీవీ రిమోట్ ఉంది కదా, చాలావాటిలో ఉండే దీపం 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ఫిల్టర్ పెట్టిన కెమెరా ముందు బటన్ నొక్కండి, మిణుకు మిణుకుమని కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఆకాశం
మా ఇంట్లో రిమోట్ డాబా ఎక్కిందని తెలిస్తే అమ్మ టెలిస్కోప్‌ని కిందికి దింపుతుంది. సీరియల్ టైమ్ అయ్యాకే ఆ టెస్టు.

అసలు సంగతికి వస్తే, ఐఆర్ పొగమంచుని చీల్చుకుని పోతుంది అంటారు కదా. పండగ వారంలో భోగి మంటల పొగ, తెల్లారుజామున మంచు. ఆ రోజుల్లో ఐఆర్ పెట్టడం తెలివైన పనేనా?

మూడోకన్ను
పొగకి కొంత, మంచుకి లేదు. పొగమంచు బిందువులు చాలా మైక్రాన్ల సైజులో ఉంటాయి, మన వెలుగు ఒక మైక్రాన్ లోపు. అడ్డొచ్చే వస్తువు తరంగం కన్నా అంత పెద్దదైతే నీలమైనా, ఎరుపైనా, 850 అయినా ఒకేలా చెదిరిపోతుంది. పొగలో సన్నటి నుసికి కొంచెం తేడా ఉంటుంది.

అసలైన తేడా గాలి అణువుల దగ్గర. అక్కడ చెదరడం తరంగదైర్ఘ్యానికి నాలుగో ఘాతంలో తగ్గుతుంది. 450తో పోలిస్తే 850 దగ్గర దాదాపు పదమూడో వంతుకి పడిపోతుంది. నీలాకాశం ఐఆర్‌లో నల్లగా కనిపించేది ఇందుకే.

డాలస్_డాబ్
పగలు చందమామని తియ్యడానికి దీనికి మించినది లేదు. సాయంత్రం నాలుగున్నరకి, ఎండ ఉండగా, అర్ధచంద్రుడి మీద 742 ఐఆర్ ఫిల్టర్ పెట్టి చూడండి. తెల్లబోయిన చందమామ ఒక్కసారిగా నల్ల ఆకాశం మీద ముద్దరేసినట్టు వస్తాడు. క్రేటర్ అంచుల నీడల్లో కూడా బూడిద రంగు ఉండదు.

నాది 12 అంగుళాల డాబ్సోనియన్. చలికాలంలో మా మీద జెట్ స్ట్రీమ్ ఉంటుంది, కెమెరాలో గురుడు ఉడుకుతున్నట్టు కనిపిస్తాడు. ఇక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా నాకు 742 లేకపోతే పని జరగదు. మీరు 16, 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నారు. ఆ గాలి ఎక్కువగా మీకు ఉత్తరాన పోతుంది. మీ డాబా మీద వచ్చే కుదుపు చాలావరకు డాబాదే అయి ఉంటుంది.

పాతడాబా
నూటికి నూరుపాళ్ళు. సిమెంటు స్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి పదకొండు దాకా వదులుతూనే ఉంటుంది. దానికి ఐఆర్ మందు కాదు. సాయంత్రం ఐదింటికే స్కోపు బయట పెట్టి మూత తీసి చల్లబరచండి. కుదిరితే పెరట్లో మట్టి నేల మీద పెట్టండి. ట్యూబు లోపలి వేడి ఇంకా ఆడుతుండగా ఐఆర్ పెట్టి, ఫిల్టర్ పనిచెయ్యలేదు అనడం ఫిల్టర్‌కి అన్యాయం.

ఓరుగల్లు_ఆకాశం
మేము స్లాబు మీద నీళ్ళు చల్లుతాం పాతడాబా గారూ, ఎండాకాలం మంచాలు వేసే ముందు చల్లినట్టు. తొందరగా చల్లబడుతుంది.

పాతడాబా
చల్లండి, కానీ స్కోపు పెట్టడానికి రెండు మూడు గంటల ముందే. తడి ఆరకముందే మొదలుపెడితే కరెక్టర్ గాజు మీద చెమ్మ పడుతుంది.

శనివలయం
అందరూ ఐఆర్‌ని సీయింగ్‌కి (గాలి కుదుపుకి) మందులాగానే మాట్లాడుతున్నారు. నా అభ్యంతరం వేరే. ఈమధ్య అందరూ ఐఆర్ బొమ్మని లూమినెన్స్‌గా (వెలుగునీడల పొరగా) పెట్టి పైన కలర్ అద్ది "గురుడు" అని పోస్ట్ చేస్తున్నారు. అది గురుడు కాదు.

ఎర్ర మచ్చ ఎందుకు ఎర్రగా ఉంది? నీలాన్ని మింగేస్తుంది కాబట్టి. నీలం ఫిల్టర్‌లో అది నల్లగా, ఐఆర్‌లో పాలిపోయి పక్క మేఘాల్లో దాదాపు కలిసిపోతుంది. నీలి తోకలు దానికి సరిగ్గా తిరగబడి ఐఆర్‌లో నల్లగా కొట్టొచ్చినట్టు వస్తాయి. ఇప్పుడు ఆ ఐఆర్‌ని లూమినెన్స్‌గా పెడితే ఎర్ర మచ్చ వెలిసిపోయిన గులాబీ రంగులోకి పోతుంది. చూసినవాళ్ళు అయ్యో అని శాచురేషన్ పెంచుతారు. ఆఖరికి ఎక్కడా లేని గురుడు తయారవుతాడు. దయచేసి ఇలా చెయ్యకండి.

డాలస్_డాబ్
గాలి బాగాలేని రాత్రి మరి ఏం చెయ్యమంటారు? మసక బొమ్మ పెట్టాలా? నేను మూడో వంతు ఐఆర్, మిగతాది ఎర్ర ఛానెల్ కలిపి లూమినెన్స్ చేస్తాను. రంగులు పెద్దగా చెడవు. చూసేవాళ్ళకి బాగుంటుంది. ఇంట్లో పిల్లలకి చూపించే బొమ్మకి అంత పట్టింపు అక్కర్లేదు.

శనివలయం
ఇంట్లో చూపించుకోండి, కాదనను. బయట పెట్టేటప్పుడు ఐఆర్ కలిపాను అని కింద ఒక్క ముక్క రాయండి, అంతే నేను అడిగేది. ఐఆర్‌ని విడిగా, నలుపు తెలుపులో పెడితే దాని విలువ ఇంకా ఎక్కువ. స్పెయిన్‌లో బాస్క్ విశ్వవిద్యాలయం నడిపే పీవీఓఎల్ అనే గ్రహాల ఫొటోల సేకరణలో, అలాంటిదే ఆల్పో-జపాన్ సేకరణలో ఫిల్టర్ వారీగా విడి బొమ్మలకి చోటు ఉంది. నాసా నౌక జూనో 2016లో గురుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాక అమెచ్యూర్లు తీసే బొమ్మల అవసరం మరింత పెరిగింది. మన డాబా మీద నుంచి పోయిన ఫైలు అక్కడ పనికొస్తుంది. రంగులద్దిన కలగాపులగం పనికిరాదు.

వేగుచుక్క_వైజాగ్
ఇద్దరి మాటా నాకు ఒప్పే, కానీ గ్రహాన్ని బట్టి. చందమామకి ఐఆర్ లూమినెన్స్ పెడితే ఎవరికీ నష్టం లేదు, అక్కడ రంగే చాలా తక్కువ. కుజుడి మీద నల్లటి ప్రాంతాలు, సిర్టిస్ మేజర్ లాంటివి, ఐఆర్‌లో అద్భుతంగా తేలతాయి, కానీ మేఘాలు మాయమవుతాయి. మేఘాలు కావాలంటే నీలం ఛానెలే గతి. గురుడి మీద మాత్రం నేను శనివలయం గారి పక్షం.

పాతడాబా
కుజుడి విషయంలో ఇది పాత సంగతే. 1924లో కుజుడు దగ్గరికి వచ్చినప్పుడు లిక్ అబ్జర్వేటరీలో రైట్ అనే ఆయన అతినీలలోహితం నుంచి ఐఆర్ దాకా వరసగా ఫిల్టర్లు మార్చి ఫొటోలు తీశాడు. ఒక చివర వాతావరణం, మరో చివర నేల. ఫొటో ప్లేటు మీద. ఇవాళ మన చేతిలో ఉన్న సెన్సర్లు ఆయనకి దొరికుంటే ఏం చేసేవాడో. మన వంతు 2027 ఫిబ్రవరిలో, కుజుడు అప్పుడు సింహరాశిలో, మనకి నడినెత్తిన. బింబం చిన్నదే, 14 ఆర్క్‌సెకన్ల లోపు. అప్పటికి ఈ 685 చేతికి అలవాటైపోవాలి గుంటూరూ.

నెలవంక
ఐఆర్ ఫిల్టర్ అంత నల్లగా ఉంటుంది కదా, దాంతో సూర్యుడిని చూడొచ్చా?

పాతడాబా
వద్దు! ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది కంటికి నల్లగా కనిపించేది నీ కన్ను ఐఆర్‌ని చూడలేదు కాబట్టి. వేడిని మోసుకొచ్చే ఐఆర్ అందులోంచి మొత్తం లోపలికి వస్తుంది. కంటికి నొప్పి కూడా తెలియకుండా రెటీనా కాలిపోతుంది. కెమెరా పెట్టినా సెన్సర్ పోతుంది. సూర్యుడికి స్కోపు ముందు భాగాన, అద్దానికి ముందే బిగించే సోలార్ ఫిల్టర్ తప్ప ఇంకేదీ లేదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ ఫిల్టర్ డబ్బా మీద రాసి పెట్టండి.

నెలవంక
అర్థమైంది. రాసి పెడతాను.

డాలస్_డాబ్
ఐఆర్ వల్ల నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది యురేనస్. కంటితో చూస్తే ఆకుపచ్చని చిన్న బిళ్ళ, దాని మీద ఏమీ ఉండదు. 685 పెట్టి, ఎక్స్‌పోజర్ 80, 100 మిల్లీసెకన్లకి తీసుకెళ్ళి, గంటకి పైగా వీడియోలు పోగేసి స్టాక్ చేస్తే ధ్రువం వైపు తెల్లగా వెలుగుతుంది. దాని వాతావరణంలో మీథేన్ ఎరుపునీ ఐఆర్‌నీ మింగేస్తుంది, ధ్రువం మీది పొగ పొర ఆ మీథేన్‌కి పైన ఉండి వెలుగుని తిప్పి పంపుతుంది. మనకి కనిపించేది అదే. మొదటిసారి అది తెర మీద తేలినప్పుడు రాత్రి రెండింటికి మా ఆవిడని లేపాను.

ఇంకో ముచ్చట. యురేనస్‌ని 1781లో కనిపెట్టిందీ, 1800లో ఐఆర్‌ని కనిపెట్టిందీ విలియం హెర్షెలే. ఆ రెండూ ఒకే ఫ్రేములో కలుస్తాయి.

రాత్రిబస్సు
మరి ఆవిడ ఏమన్నారు?

డాలస్_డాబ్
"చుక్క బాగుంది, పడుకోండి" అంది. పొద్దున మాత్రం వాళ్ళ అమ్మగారికి ఫోన్‌లో చూపించింది.

ఓరుగల్లు_ఆకాశం
యురేనస్ ఇప్పుడు కృత్తికలకి దగ్గరలోనే ఉంది, సాయంత్రమే ఎత్తులో ఉంటుంది. 8 అంగుళాలకి సాధ్యమేనా?

డాలస్_డాబ్
కష్టం, కానీ ప్రయత్నించొచ్చు. బింబం 3.7 ఆర్క్‌సెకన్లే. 8 అంగుళాలకి 685 దగ్గర హద్దు 0.85. అంటే బింబం మీద నాలుగు ముక్కలు విడతీయగలరు. ఒక వైపు తెల్లగా, రెండో వైపు మసగ్గా తేడా తెలిస్తే అదే పెద్ద విజయం. తేడా నిజమేనా అని చూడాలంటే కెమెరాని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ తీయండి. తెల్లటి వైపు గ్రహంతో పాటే తిరిగితే నిజమై ఉండొచ్చు. ఫ్రేములో ఉన్నచోటే ఉండిపోతే అది మీ కెమెరా వైపు తప్పు.

గుంటూరు_గగనం
మూడు రోజులుగా మీ మాటల మీదే ఉన్నాను. చేసినవి చెప్తాను.

ముందు పాత ఫైల్లో ఎర్ర ఛానెల్ విడదీశాను. అదే కొంచెం మెరుగైంది. తర్వాత బార్లో కటకం విప్పి కెమెరా ముక్కుకి బిగించాను, గానిమీడ్ మీద ఫోకస్. ఎక్స్‌పోజర్ 16 దగ్గరికి వచ్చింది. మొన్న గాలి అస్సలు బాగాలేదు, కట్ ఫిల్టర్‌లో గురుడి అంచు అలలు కొడుతోంది. ఆ రాత్రి ఐఆర్‌దే పైచేయి, నీలి తోకలు నల్లగా, వరసగా నాలుగు లెక్కపెట్టగలిగాను. కట్ ఫిల్టర్ బొమ్మలో ఒక్కటీ లేదు.

నిన్న పెరట్లో, జామచెట్టు పక్కన మట్టి మీద పెట్టాను. పదిన్నర తర్వాత గాలి నిలిచిపోయింది. నిన్నటి కలర్ బొమ్మ ముందు ఐఆర్ నిలబడలేదు. ఎర్ర మచ్చ లోపల సుడి ఛాయ కూడా కలర్‌లోనే తెలిసింది.

మూడోకన్ను గారు చెప్పిన బేరం కళ్ళారా చూశాను. ఇక మిగిలిన ప్రశ్న, 850 కూడా కొనాలా?

రాత్రిబస్సు
జామచెట్టు ఫొటో కూడా పెట్టండి.

వేగుచుక్క_వైజాగ్
మీ సెన్సర్‌కి 850 సరైన జోడీ. 462కి 800 ఆ చుట్టుపక్కల సున్నితత్వం చాలా ఎక్కువ. మామూలు సెన్సర్లు అక్కడికి వచ్చేసరికి చతికిలపడతాయి, ఇది పడదు. పైగా మూడు రకాల పిక్సెళ్ళూ సమానంగా పనిచేస్తాయి కాబట్టి డీబేయర్ చెయ్యకుండా నేరుగా నలుపు తెలుపుగానే స్టాక్ చెయ్యొచ్చు. బార్లో లేకుండా ఎఫ్/10 చాలు. నేను సముద్రం గాలిలో, తేమలో వాడుతున్నాను, నాకు 685 కన్నా 850 బాగా కుదిరింది.

మూడోకన్ను
ఇక్కడ నేను విభేదిస్తాను మేడమ్. 8 అంగుళాలకి 850 దగ్గర హద్దు 1.05 ఆర్క్‌సెకన్లు. 685తో దొరికే నిలకడకి పైన ఇంకొంచెం నిలకడ కోసం అంత వివరం వదులుకోవడం నాకు ఇష్టం ఉండదు. మీది 11 అంగుళాలు కాబట్టి మీకు చెల్లుతుంది.

వేగుచుక్క_వైజాగ్
కాగితం మీద మీరు చెప్పింది సరే. కానీ కలర్ కెమెరాలో 685 అంటే నాలుగో వంతు పిక్సెళ్ళతో పని, 850 అంటే అన్నిటితో. ఆ తేడా మీ లెక్కలో రాలేదు. ఒకే రాత్రి రెండూ తీసి పోల్చిన వాళ్ళు ఎవరైనా 8 అంగుళాలతో ఉంటే పెట్టండి, అప్పుడు తేలుతుంది.

శనివలయం
850 కొంటే గురుడి మీద ఇంకో ప్రయోజనం. అది 889 దగ్గర మీథేన్ వెలుగుని మింగే తరంగాల పట్టీని కూడా కలుపుకుంటుంది కాబట్టి ధ్రువాల మీది పొగ కాస్త తేలికగా తెలుస్తుంది. అసలైన మీథేన్ ఫిల్టర్ అయితే ఆ సన్నటి పట్టీ ఒక్కటే తీసుకుంటుంది. అందులో గురుడంతా నల్లబడి, ఎత్తులో మేఘాలున్న ఎర్ర మచ్చ, ధ్రువాల టోపీలు మాత్రం తెల్లగా వెలుగుతాయి. ఎవరైనా జీవితంలో ఒక్కసారైనా తీయాల్సిన బొమ్మ. వెలుగు మాత్రం చాలా తక్కువ, 8 అంగుళాలకి ఓపిక ఉండాలి.

గుంటూరు_గగనం
మూడోకన్ను గారూ, వీడియో ఎంతసేపు తియ్యాలి? కలర్‌లో రెండు నిమిషాలకి ఆపుతున్నాను.

మూడోకన్ను
గురుడు 9 గంటల 55 నిమిషాల్లో తిరుగుతాడు. బింబం మధ్యలో వివరం నిమిషానికి పావు ఆర్క్‌సెకను జరుగుతుంది. కలర్‌లో రెండు నిమిషాలు సరే. ఐఆర్‌లో మీ హద్దే లావు కాబట్టి మూడున్నర దాకా పోవచ్చు. ఎక్కువ వీడియోలు ఉంటే విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీరొటేట్ చెయ్యండి, అంటే గ్రహం తిరిగినంత మేర సరిచెయ్యండి. కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి, మన టైము నుంచి ఐదున్నర గంటలు తీసేసి యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇవ్వాలి.

పాతడాబా
850 సంగతి ఏప్రిల్ దాకా ఆపు గుంటూరూ. అప్పటికి సూర్యాస్తమయం వేళకే గురుడు నడినెత్తిన ఉంటాడు. ఇంకా వెలుగు ఉండగానే 685 పెట్టి మొదలుపెట్టు, ఆకాశం నల్లబడే దాకా ఆగక్కర్లేదు. కలర్‌కి చీకటి పడ్డాక మారొచ్చు. జామచెట్టు పక్కనే పెట్టు, డాబా ఎక్కకు. ఏప్రిల్‌లో మీ స్లాబు అర్ధరాత్రి దాకా చల్లబడదు.

గుంటూరు_గగనం
అలాగే. ఆ లోపు యురేనస్ మీద 685 పెట్టి చూస్తాను, కెమెరా తిప్పి రెండు సార్లు. ఓరుగల్లు గారూ, మీరూ అదే రాత్రి తీస్తే పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

ఓరుగల్లు_ఆకాశం
శనివారం ఖాళీ. ఏడున్నరకి మొదలుపెడదాం.